రాతికి గీసిన అక్షరాలు

ఆశ్వయుజ శుద్ధ నవమి, బుధవారం. ఆళ్లగడ్డ.
ఉన్నవాళ్లు: ఆమె, ఆమె భర్త, వాళ్ల కూతురు, షెడ్డులో పనిచేసే శిల్పులు కొందరు, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసినప్పుడు అబ్బిన అలవాటు ఇది. ముందు తేదీ, తర్వాత ఎదురుగా ఉన్నవాళ్లు, ఆ తర్వాతే విషయం. రిటైరయ్యాక నన్ను సాక్ష్యం అడిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా అలాగే రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఆ కూతురు నా ఫోనుకు ఒక ప్రూఫు పంపింది. నల్లరాతి పలక మీద చెక్కబోయే నాలుగు వరుసలు. ఆమె పేరు, భర్త పేరు, ఊరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కింద, "తప్పులుంటే చూడు మామా. అమ్మ ఉంటే నీకే పంపేది" అని రాసింది. ఆమె నేర్పినట్టే చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుకుంటూ వచ్చాను. తప్పులేమీ లేవు. మొదట్లో ఉన్న శ్రీ దగ్గరికి వచ్చాక మాత్రం ఫోను కింద పెట్టేశాను. 'సరిగ్గా ఉంది' అని రెండు మాటలు పంపేసరికి సాయంత్రమైంది.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్లు రోడ్డు పొడుగునా ఉన్నాయి. ఆమె భర్తదీ అందులో ఒకటి. ఆమె విగ్రహాల జోలికి పోలేదు. ఆమె పని అక్షరాలు. శంకుస్థాపన ఫలకాలు, దాతల పేర్ల పలకలు, సమాధి రాళ్లు, దేవుడి పీఠం మీద విగ్రహం ఇచ్చినవాళ్ల పేర్లు. కంప్యూటర్లో అక్షరాలు పేర్చి, కాగితం మీద అచ్చుతీసి ఇస్తే, ఆ కాగితాన్ని రాతికి అంటించి శిల్పులు దాని మీదే ఉలి పెట్టేవాళ్లు.

నేను మొదటిసారి ఆమెను చూసింది మా కాలనీ రీడింగ్ రూము పలక కోసం నంద్యాల నుంచి పోయినప్పుడు. షెడ్డు చివర రేకుల గది. గుమ్మానికి తడిగుడ్డ వేలాడుతోంది, రాతి పొడి లోపలికి రాకుండా. లోపల ఆమె, పొట్ట పెద్దదైన పాత కంప్యూటరు. నేను పోయేసరికి మీట నొక్కి, లేచి నిలబడింది.

"కూచో అన్నా. దాన్ని లేపినా. అది కండ్లు తెరిచేలోపల కాళ్లు కడుక్కొని వస్తా."

నిజంగానే పోయి కాళ్లు కడుక్కొని, మూతలో టీ పోసుకొని వచ్చింది. అప్పటికింకా తెర మీద ఏమీ రాలేదు. ఆమెకు గ్లాసుతో టీ తాగడం నచ్చదు. ఫ్లాస్కు మూతలోనే తాగేది. ఆ మూత పెట్టుకోవడానికి కంప్యూటరు పక్కన యూపీఎస్ పెట్టె ఉండేది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. "టీ పెట్టుకునేదానికి ఇంతకన్నా మంచి బల్ల యాడ దొరుకుతాది?" అనేది.

మా పలక కాగితం నా చేతికిచ్చి తప్పులు చూడమంది. నేను మొదటి నుంచి చదవబోతే కాగితం లాక్కుంది.

"అట్ల కాదు. కడ నుంచి ఎనక్కి రా. ముందునుంచి చదివితే మనసు చదువుకుంటా పోతాది, కండ్లు పని చెయ్యవు."

ముప్పై ఏళ్లు దస్తావేజులు సరిచూసిన మనిషిని. కొంచెం చిరాకేసింది. అయినా చెప్పినట్టు చదివాను. ఒక దాత ఇంటిపేరులో పొరపాటు దొరికింది. అది ఆమె చేసింది కాదు, మేము రాసిచ్చిందే తప్పు. ఆమె నవ్వలేదు, దెప్పలేదు. దిద్ది, మళ్లీ అచ్చుతీసి, "ఇంకమీద పెద్ద పలకలొస్తే నీకు ఫోన్లో పంపుతా. నువ్వు కుదురుగా చూస్తాండావు" అంది. ఆ రోజు నుంచి ఆమె పోయేదాకా ఆ పని నాకు ఉండింది. నాకు ఊపిరి సలపని పనులేమీ లేవని ఆమెకు ఎట్లా తెలిసిందో మరి.

కాగితాలకు పుట్టిన అక్షరాలు రాతికి పనికిరావని ఆమె చెప్పేది. వాటి కొసలు సన్నం. ఆ సన్నటి చోట ఉలి తగిలితే పెచ్చు ఊడుతుంది. సున్న లోపలి చిన్న జాగా ఊడి గుంట పడుతుంది. అందుకని తన అక్షరాలు తానే గీసుకుంది. లావు కొసలు, వెడల్పు పొట్టలు, వత్తులు మీది అక్షరానికి తగలకుండా కాస్త ఎడంగా. ఒక్కొక్కటి కాగితం మీద గీసి, స్కాన్ చేసి, కంప్యూటర్లో అంచులు దిద్దేది. ఎక్కడైనా కొత్త వత్తు అవసరమైతే ఆ పూట పలక ఆగిపోయేది. పలకవాళ్లు వచ్చి గొణిగేవాళ్లు. "పుడతాండాది, ఉండండప్పా" అనేది, తల తిప్పకుండా. అలా ఎన్నో ఏళ్ల పాటు పుట్టిన అక్షరాలన్నీ ఆ ఒక్క కంప్యూటర్లో ఉండేవి.

గాలిలో వేలితో రాసుకుంటూ మాట్లాడటం ఆమెకు అలవాటు. ఎవరి పేరైనా కొత్తగా వింటే కుడిచేతి చూపుడువేలు కదిలేది. మా ఆవిడ పేరు చెప్పినప్పుడూ అంతే. రాసి చూసుకుని, "వదిన పేరు రాతిలో బాగొస్తాది" అంది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమెకు అందులో అపశకునమేమీ కనబడలేదు. పేరంటే ఆమెకు ముందు కనబడేది ఆ రూపమే.

ఇక ఆ బుధవారం సంగతి.

కూతురు కడపలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. పండగకు వచ్చింది. పన్ను కట్టే సైటు పాత కంప్యూటర్లో తెరుచుకోవడం లేదని అమ్మ చాలా రోజులుగా ఫోన్లో విసుక్కుంటోంది. కొత్త ఆపరేటింగ్ సిస్టం పెన్‌డ్రైవులో తెచ్చుకుంది. "అన్నీ కాపీ ఉండాయా అమ్మా?" అని అడిగింది. "సీడీలో ఉండాయిలే. కానియ్" అంది ఆమె. పూజ సామాన్లు సర్దుకుంటూ అన్న మాట అది. కూతురు అప్‌గ్రేడు మొదలుపెట్టింది. తెర మీద అంకె మెల్లగా పెరుగుతోంది. దాని కింద, కంప్యూటరును ఆపవద్దని ఇంగ్లీషులో రాసి ఉంది.

ఆయుధపూజకు రమ్మని పిలిస్తే నేను పొద్దునే బస్సెక్కి వచ్చాను. షెడ్డులో ఉలులు, సుత్తులు, రాతిని కోసే మిషన్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు చుట్టి ఉంచారు. ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. హారతి వెలిగించే ముందు ఒక్క చప్పుడు కూడా ఉండకూడదు. ఆమె మామగారి కాలంలో అందరూ సుత్తులు కింద పెడితే చాలు. ఇప్పుడు మిషన్లు, ఫ్యాన్లు. అందుకని ఆమె భర్త పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగేస్తాడు. ప్రతి ఏడూ లాగుతాడు. ఆ రోజూ లాగాడు.

షెడ్డంతా నిశ్శబ్దం. కర్పూరం వెలిగింది. రేకుల గదిలో నుంచి కూతురు కేక వినబడింది.

"ఎవురు తీసింది కరెంటు? నాయనా!"

ఆయన హారతి పళ్లెం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమే పోయి పళ్లెం అందుకుని హారతి పూర్తి చేసింది. అందరికీ కళ్లకద్దించింది. గుమ్మడికాయ కొట్టించింది. ఆ తర్వాతే గదిలోకి వచ్చింది.

కరెంటు వచ్చాక కంప్యూటరు వెలిగింది. తయారుచేసినవాళ్ల గుర్తు వచ్చింది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి, ఆరిపోయింది. మళ్లీ వెలిగింది, మళ్లీ తిరిగాయి, మళ్లీ ఆరింది. గుమ్మంలో నుంచి భర్త అన్నాడు.

"పూజ అయినంక పనిముట్టు ముట్టగూడదే. రేపు చూసుకోండి."

"జొరమొచ్చినోళ్లకు ఒక్కపొద్దు ఉంటాదా?" అంది ఆమె. "దానికి జొరం. ఈరోజు అది పనిముట్టు కాదు. నువ్వు పోయి మనుషులకు అన్నం పెట్టు పో."

ఆయన పోలేదు. గుమ్మంలోనే తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం చూడటం నాకు కష్టమైంది.

కూతురు వెలిగేటప్పుడు ఒక మీట పట్టుకుని నొక్కింది. సేఫ్ మోడ్‌లో తెరవడానికి చూసింది. తెరుచుకోలేదు. వెనక్కి, పాత సిస్టానికే పొమ్మని చెప్పింది. పోలేదు. కంప్యూటరు పెట్టె మూత విప్పితే లోపల రాతి పొడి పిండిలా పేరుకుని ఉంది. షెడ్డులోని బ్లోయరు తెచ్చి ఊదారు. మా అందరి నెత్తులూ తెల్లబడ్డాయి. ఆమెకు దగ్గు తెర ఆగలేదు. ఆ దగ్గు అప్పటికే చాలాకాలంగా ఉంది. కూతురు మెమరీ చిప్పులు ఊడదీసి, వాటి పళ్లను పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగించింది. లోపలి చిన్న సెల్లు తీసి పెట్టింది. ఏది చేసినా అవే చుక్కలు. చివరికి పెన్‌డ్రైవు నుంచే తెరిచి చూస్తే అసలు డిస్కే కనబడటం లేదంది తెర. అంతసేపూ ఏది చేశాం, ఏమయింది అని నేను వరుసగా రాస్తూ కూర్చున్నాను. నా నడుం పట్టేసింది. రాసినందువల్ల ఒరిగిందేమీ లేదు, చేసిందే మళ్లీ చేయకుండా ఉండటం తప్ప.

"పోతే పోనీ అమ్మా," అంది కూతురు నుదురు తుడుచుకుంటూ. "సీడీ యాడుంది? నా లాప్‌టాప్‌లో ఎక్కిస్తా."

ఆమె గూట్లో చూసింది. బల్ల సొరుగులో చూసింది. తర్వాత గది మధ్యలో నిలబడి, మెల్లగా తలెత్తి షెడ్డు కప్పు వైపు చూసింది.

షెడ్డులోకి పావురాలు వచ్చి చెక్కిన విగ్రహాల మీద రెట్టలు వేస్తాయి. వాటిని బెదరగొట్టడానికి పాత సీడీలు దారానికి గుచ్చి దూలాల మీద వేలాడదీశారు. గాలికి తళుక్కున తిరుగుతుంటాయి. గుచ్చింది ఆమే.

శిల్పి ఒకడు నిచ్చెన వేసి దించాడు. ఆమె రాత ఉన్న సీడీ దొరికింది. 'నా అక్షరాలు' అని మార్కరుతో రాసుకుంది. ఎండకు సగం వెలిసిపోయింది. వెనక వైపు పొడి రాసుకుని గీతలు. దాని మీద రెట్ట కూడా ఉంది.

"నువ్వే కట్టినావా అమ్మా దీన్ని పావురాలకు?"

"నేనే కట్టినా."

"చూడకుండా?"

"అన్నీ ఒకే మాదిరి మెరుస్తాండె."

కూతురు ఏడుస్తుందో నవ్వుతుందో తెలియని ముఖం పెట్టింది. తుడిచి, లాప్‌టాప్‌లో పెట్టింది. అది గరగరమంది, బయటికి తోసేసింది. ఇంకోసారి పెట్టినా అంతే. అప్పుడు కూతురు వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసి, "ఒక్క మాట అడిగి లాగొచ్చు గదా నాయనా స్విచ్చి!" అంది. గట్టిగానే అంది.

ఆయన తడిగుడ్డ వదిలేసి గుమ్మం దిగబోయాడు.

"ఆయన్ని ఏమంటావు?" అంది ఆమె. "పెండ్లయినప్పట్నుంచి చూస్తాండా, హారతికి ముందు కరెంటు తీస్తాడని. నాకు తెలుసు. నీకు చెప్పాల్సింది నేను. చెప్పలే. ఇంక ఆ మాట వద్దు."

ఆ మాట నిజంగానే మళ్లీ ఆ ఇంట్లో వినబడలేదు.

మధ్యాహ్నం ఆమె, నేను ఆ పెట్టె తీసుకుని నంద్యాల బస్సెక్కాం. కూతురు వస్తానంటే, "నువ్వు మీ నాయన దగ్గరుండు. ఆయన ఒక్కడే ఉంటే బాగుండదు" అని ఆపింది. పండగ రద్దీ. పెట్టెను ఆమె ఒళ్లో పెట్టుకుంది. దానికి పెట్టిన కుంకుమ, చుట్టిన బంతిపూలు అట్లాగే ఉన్నాయి. పక్క సీటావిడ చూసి, "ఏం దేవుడమ్మా?" అని అడిగింది. "ఇంకా తేల్లేదక్కా" అంది ఆమె. దారంతా ఆమె చూపుడువేలు పెట్టె మీద కదులుతూనే ఉంది. ఏ అక్షరం రాస్తోందో నేను చూడలేదు. చూసే ఓపిక లేదు. నా మోకాళ్లు నిలబడి నిలబడి బరువెక్కాయి.

నంద్యాలలో నాకు తెలిసిన రిపేరు షాపు సగం షట్టరు దించి ఉంది. షాపతను పూజ చేసుకుని ఇంటికి పోబోతున్నాడు. ఆమె ముఖం చూసి మళ్లీ లోపలికి వచ్చాడు. డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటరుకు తగిలించాడు. ముగ్గురం చెవులొగ్గి విన్నాం. టక్, టక్, టక్. ఆగి, మళ్లీ టక్.

"లోపల ముల్లు ప్లేటుకు కొట్టుకుంటాండాది అక్కా. హైదరాబాదుకు పంపితే తీస్తారేమో. వస్తాదని చెప్పలేను."

"కరెంటు పోయినందుకే పోయిందా ఇది?" అని అడిగింది.

"అదీ కావచ్చు. పాతదయి కూడా పోయుండొచ్చు. ఎట్ల చెప్పేది?"

ఆమె తల ఊపింది. బయటికి వచ్చి మెట్టు మీద నిలబడి భర్తకు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"ఇదో, ఇను. అది ఎప్పుడో పోవాల్సిందంట. ముందునుంచే చెడిపోయుండాదంట. కరెంటుకూ దానికీ సంబంధమే లేదంట. షాపాయన గట్టిగా చెప్తాండాడు. నువ్వు తిన్నావా? తిను పో."

షాపతను నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. ఆ మాటను నా డైరీలో కూడా ఆమె చెప్పినట్టే రాసుకున్నాను. ఇవాళ మొదటిసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆయన చదివినా ఇప్పుడు ఫరవాలేదనుకుంటాను. ఆయనకూ తెలిసే ఉంటుందని నా అనుమానం.

పొద్దువాలింది. బస్సులు కిటకిటలాడుతున్నాయి. మా ఇంట్లోనే ఉండిపొమ్మన్నాం. మా ఆవిడ అన్నం పెడితే కాస్త తిని, "పడుకుంటా వదినా, నిద్ర మబ్బుగా ఉండాది" అంది. హైదరాబాదు సంగతి నేనెత్తితే, చేతితో వద్దన్నట్టు సైగ చేసింది. అంత అలసిన మనిషిని నేను ఆమెలో ఎప్పుడూ చూడలేదు. మళ్లీ గీయడానికి ఎన్నేళ్లు పడుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ దగ్గుతో అన్నేళ్లు ఉంటాయా అన్నది ఇద్దరం అడగలేదు.

మరునాడు పొద్దున లేచేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంది. చెప్పులు లేవు. ఊరికి పోయిందేమో అనుకున్నాం. కానీ పెట్టె గోడ వారనే ఉంది, పూలు వాడిపోయి. మా ఆవిడ బీరువా దగ్గర నుంచి, "నా కొత్త చీర మడతలో కాగితం ఏమైంది? రాత్రే అడిగి తీసుకుందిలే, మరిచిపోయినా. దేనికో ఏమో" అంది.

నేను వీధిలోకి వచ్చాను. రీడింగ్ రూము గోడ దగ్గర, మా పలక ముందు గొంతుకూర్చుని ఉంది. చీరల మడతల్లో పెట్టే పల్చటి కాగితాన్ని పలక మీద పరిచి, ఎడమచేత్తో నొక్కి పట్టుకుంది. కుడిచేతిలో బొగ్గు. మూల మీద ఇస్త్రీ బండి అతన్ని అడిగి తెచ్చుకుందట. కాగితం మీద బొగ్గు అడ్డంగా రుద్దుతుంటే, రాయి ఉన్న చోట నల్లబడి, చెక్కిన చోట తెల్లగా అక్షరాలు తేలుతున్నాయి. నేను చూస్తుండగానే మా కాలనీ పేరు తేలింది.

అప్పుడర్థమైంది నాకు. డిస్కు పోయినా, సీడీ పోయినా, ఆ అక్షరాలు నంద్యాల, ఆళ్లగడ్డ, దొర్నిపాడు, అహోబిలం దారి పొడుగునా గోడలకు, గేట్లకు, పీఠాలకు ఉన్నాయి.

"కూచోలేవులే, ఆ కొస పట్టుకో అన్నా, గాలికి లేస్తాండాది," అంది. నేను వంగి పట్టుకున్నాను. కుళాయి దగ్గరికి వచ్చిన ఒకావిడ బిందె పెట్టి నిలబడింది.

"ఏం చేస్తాండారు సార్, పొద్దున్నే గోడను పట్టుకొని?"

"ఈమె సొమ్ము మా గోడలో ఉంది. తీసుకుపోతోంది" అన్నాను.

"మా బిందెలు జరిపి తీసుకోమను" అని ఆవిడ నవ్వుతూ పోయింది.

ఆమె దాతల పేర్లన్నీ ఎత్తుకుంది. వత్తులు సరిగా పడ్డాయో లేదో కాగితం ఎత్తి ఎత్తి చూసుకుంది. అన్నిటికీ మీద, పలక మొదట్లో, పెద్దగా చెక్కిన శ్రీ ఉంది. దాని మీద కాగితం వెయ్యనే లేదు. మడిచి పెట్టుకుంటుంటే అడిగాను.

"శ్రీ వదిలేసినావే?"

ఆమె మసి వేళ్లతో దాన్ని తాకి చూసింది.

"ఇది నాకెప్పుడూ నచ్చలేదన్నా. మొట్టమొదట గీసింది ఇదే. కింద చుట్టుకొని వచ్చే క్రావడి పెచ్చు ఊడతాదని భయపడి, పొట్టిగా కోసేసినా. చూడు, ఎట్ల కుంటుతాండాదో. అన్ని పలకల్లోనూ అందరికన్నా ముందు నిలబడి కుంటుతాండాది. మారుద్దామంటే, పని జరిగిపోతాండాది గదా అని ఊరుకుంటి." కాసేపు చూసి, "ఇదొక్కటి పోయింది మంచిదే అయింది" అంది.

నా జేబులో పెన్సిలు అడిగి తీసుకుంది. రీడింగ్ రూము మెట్టు మీద కూర్చుని, మసి అంటని ఒక కాగితం ముక్క మోకాలి మీద పెట్టుకుని గీసింది. కొట్టేసింది. మళ్లీ గీసింది. గేటు దగ్గర్నుంచి మా ఆవిడ కాఫీకి పిలిచింది.

"వస్తాండా వదినా," అంది తల ఎత్తకుండా. "ఇది కుదురుగా నిలబడనీ."